గోదావరి డెల్టాలో నింపాదిగా నాలుగు రోజులు: మండువా ఇల్లా, హౌస్‌బోటా, రాజమండ్రి హోటలా?

చూడవలసిన స్థలాల జాబితా ఏదీ పెట్టుకోకుండా, ఒకే చోట నాలుగైదు రోజులు ఉండి అలసట తీర్చుకోవాలనుకొని గోదావరి డెల్టాకు వచ్చేవారికి ప్రధానంగా మూడు దారులున్నాయి. మొదటిది, కోనసీమ పల్లెలో పాత మండువా ఇంటిని (నడుమ ఆకాశానికి తెరచిన వాకిలి ఉండే పెంకుటింటిని) బాగుచేసి, గోడలకు చిత్రాలు తగిలించి, చేనేత దుప్పట్లు పరచి నడిపే నాలుగైదు గదుల చిన్న బస. రెండోది, దిండి దగ్గర వశిష్ఠ గోదావరి మీద హౌస్‌బోటు, లేదా ఆ ఒడ్డునే ఉన్న రిసార్టు. మూడోది, రాజమండ్రిలో హోటలు గది తీసుకొని రోజుకొక దిక్కుకు కారులో వెళ్లిరావడం. విశ్రాంతి ఒక్కటే ఉద్దేశమైతే మొదటిదే మేలని నా అభిప్రాయం. కానీ ఆ మాట అన్ని నెలలకూ, మండువా అని పేరు పెట్టుకున్న అన్ని ఇళ్లకూ వర్తించదు.

రాజమండ్రి సంగతి త్వరగా తేల్చవచ్చు. రైలు దిగిన పావుగంటకు గదిలో ఉండవచ్చు, మధురపూడిలో విమానాశ్రయం ఉంది, ఏ అర్ధరాత్రి జ్వరం వచ్చినా వైద్యుడు దొరుకుతాడు. అయితే గోదావరి పాయలుగా విడిపోయేది ఊరికి దిగువన ధవళేశ్వరం దగ్గర. గౌతమి, వశిష్ఠల నడుమ ఉన్న కోనసీమను చూడాలనుకొని రాజమండ్రిలో బస చేయడమంటే పెళ్లికి వచ్చి వీధి అరుగు మీదే కూర్చోవడం. రావులపాలెం మీదుగా అమలాపురానికి ఒకవైపు ప్రయాణమే 60 కిలోమీటర్లు దాటుతుంది. రోజూ వెళ్లి రావడమంటే సగం పూట కారులోనే గడుస్తుంది, సాయంత్రానికి నడుము నొప్పి మిగులుతుంది.

ఒక్క విషయంలో మాత్రం రాజమండ్రిని మించినది ఈ ప్రాంతంలో లేదు. దామెర్ల రామారావు చిత్రాలున్నది అక్కడే. 1897లో పుట్టి, స్థానిక ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. కళాశాలలో చదివి, తిరిగి వచ్చి సొంత ఊళ్లో చిత్రకళా పాఠశాల నెలకొల్పి, 28 ఏళ్లు నిండకుండానే 1925లో మశూచితో కన్నుమూసిన ఆయన పనిని ఆయన పేరిట ఉన్న గ్యాలరీలో దగ్గరగా నిలబడి చూడవచ్చు. బస ఎంత కళాత్మకంగా ఉన్నా దాని గోడల మీద ఆ స్థాయి పని ఉంటుందని ఆశించడం న్యాయం కాదు. అందుకని కళను చూడడానికి రాజమండ్రికి ఒక పూట కేటాయించాలి గాని, కళ కోసం అక్కడ నాలుగు రాత్రులు ఉండనవసరం లేదు.

హౌస్‌బోటు ఆకర్షణను తీసిపారేయలేము. వశిష్ఠ విశాలంగా పారుతుండగా, రెండు ఒడ్డులా కొబ్బరి తోటలు కదిలిపోతుంటే, పైఅంతస్తులో కూర్చొని కాఫీ తాగడం ఎవరికైనా నచ్చుతుంది. చిక్కంతా మిగతా గంటలతోనే వస్తుంది. పడవ పగలు కొంతసేపు తిరిగి, రాత్రికి రేవులో కట్టి ఉంటుంది. గది చల్లబడాలంటే జనరేటరు మోగాలి. నడవాలనిపిస్తే నాలుగు అడుగుల వరండా తప్ప చోటు లేదు. మొదటి పూట అద్భుతంగా తోచిన దృశ్యం రెండో రోజు మధ్యాహ్నానికి కళ్లకు అలవాటైపోతుంది. కాబట్టి ఒక్క రాత్రికి, అందులోనూ పిల్లలతో వచ్చేవారికి, అది మంచి ఎంపికే. ఒడ్డున ఉన్న రిసార్టులో నడకకు చోటుంటుంది, కానీ వారాంతాల్లో విహార బృందాల సందడి కూడా ఉంటుంది.

ఇక మండువా ఇల్లు. నాలుగు వైపుల నుంచీ పెంకుల కప్పు లోపలికి వాలి, నడుమ ఆకాశానికి తెరచి ఉన్న చిన్న వాకిలి చుట్టూ వసారాలు, వాటి వెనుక గదులు ఉండడం దీని నిర్మాణం. వేడి గాలి నడుమ నుంచి పైకి పోతుంది, కప్పు మీది వాన మండువాలో పడి తూము గుండా బయటికి వెళ్తుంది, మందపాటి గోడల వల్ల మధ్యాహ్నం కూడా లోపల కొంత చల్లదనం నిలుస్తుంది. చిత్రాలు పెట్టడానికి ఇంతకన్న అనువైన ఇల్లు అరుదు: ఎండ నేరుగా గోడకు తగలదు, వసారా వెంట నడిచే మనిషి మీదికి వెలుతురు పక్క నుంచి వస్తుంది, ఉదయం చూసిన చిత్రమే సాయంత్రానికి వేరుగా కనిపిస్తుంది. బయటికి పోవలసిన పని లేకుండానే పూట గడిచిపోవడం ఇలాంటి ఇంట్లోనే సాధ్యం. పోవాలనిపిస్తే కాలువ గట్టు ఉంది. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన తరువాత ఈ నేలకు నీరు పంచిన కాలువల గట్ల మీద ఒక గంట నడిస్తే, ఆ రోజుకు కావలసిన విహారం అయిపోయినట్టే.

అయితే గోడకు ఏది తగిలించారన్నదాన్ని బట్టి యజమాని మనసు తెలుస్తుంది. కాకినాడ దగ్గరి మాధవపట్నం తోలుబొమ్మలను కొందరు అద్దం బిగించి గోడకు అంటిస్తారు. వెనుక నుంచి దీపం వెలుగు పడితేనే రంగు పలికే బొమ్మ అది. గోడకు అతికిస్తే సగం చచ్చిపోతుంది. అదే బొమ్మను కిటికీ ముందు వేలాడదీసిన ఇంట్లో మిగతా ఏర్పాట్లు కూడా ఆలోచించి చేసినవే అయి ఉంటాయని నా నమ్మకం. అలాగే బండారులంక నేత బట్ట పరుపు మీద, నరసాపురం లేసు బల్ల మీద వాడుకలో ఉన్న ఇల్లు, వాటిని చట్రాల్లో బంధించిన ఇంటికన్న మేలు. వేసిన చిత్రకారుడెవరని అడిగినప్పుడు యజమాని జవాబు చెప్పగలగాలి. అచ్చు ప్రతులు కొని తగిలించిన చోట ఆ ప్రశ్నకు మౌనమే ఎదురవుతుంది.

లోపాలు లేకపోలేదు. వానాకాలంలో సున్నపు గోడ చెమ్మెక్కి చిత్రాల వెనుక బూజు పడుతుంది. దోమలు మండువా గుండా నిరాటంకంగా వస్తాయి. స్నానాల గది కొన్ని ఇళ్లలో పెరటి వైపునే ఉంటుంది. మండువాను పైన ప్లాస్టిక్ రేకుతో మూసి ఏసీ పెట్టిన ఇళ్లు కూడా ఉన్నాయి, వాటిలో ఉక్క తప్ప మండువా సుఖం ఉండదు. గది ఖాయం చేసుకునే ముందు ఫోనులో అడగవలసినవి ఇవే.

కాలం విషయం మరీ ముఖ్యం. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు, అప్పుడు గట్టు మీద నడక ఎండిన మట్టి పక్కన నడకే. జులై, ఆగస్టుల్లో వరద వస్తే నది నడుమ ఉన్న లంకల్లోని దారులు మునుగుతాయి; వరదకు ఎదురీదే పులస చేప దొరికేది కూడా అప్పుడే. (జనవరిలో పులస వడ్డిస్తామనే బస గురించి వేరే విచారణ అక్కర్లేదు.) సంక్రాంతి మూడు రోజులూ చూడదగ్గవే, కనుమ నాడు జగ్గన్నతోటకు భుజాల మీద తరలివచ్చే ప్రభలు (వెదురుతో కట్టి రంగుల బట్టలతో అలంకరించిన ఎత్తైన నిర్మాణాలు) మరీ చూడదగ్గవి, కానీ ఆ వారంలో గదీ దొరకదు, నిశ్శబ్దమూ దొరకదు. పండుగ దాటి జనవరి చివర నుంచి ఫిబ్రవరి వరకు, దాళ్వా (రెండో పంట వరి) నాట్లు పచ్చబడే రోజులు ఇలాంటి బసకు అన్నిటికన్న అనుకూలం.

నా సలహా ప్రకారం మండువా ఇంట్లో నాలుగు రాత్రులు ఉండాలి, దిండికి ఒక సాయంత్రం వెళ్లి నదిని చూసి రావాలి. తిరుగు ప్రయాణం నాటి ఉదయమే బయలుదేరి, ముందు విష్ణువుగా వెనుక మోహినిగా ఒకే శిలలో మలచిన ర్యాలి జగన్మోహినీ కేశవస్వామిని దర్శించి, రాజమండ్రిలో దామెర్ల గ్యాలరీ చూసుకొని, రాత్రి రైలెక్కవచ్చు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు వెంట ఉంటే మాత్రం ఎత్తు గడపలూ, పెరటి స్నానాల గదీ ఉన్న పాత ఇంటికన్న దిండి రిసార్టులో కింది అంతస్తు గదే తీసుకోవడం మంచిది.