కాలవ గట్టా, పొలం గట్టా?

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి దిగిన ప్రతివాళ్లూ మర్నాడు పొద్దున్నే నన్ను అడిగేది ఒకటే. "అన్నయ్యా, వాకింగ్‌కి ఎటు వెళ్లమంటావు? పొలాల్లోకా, కాలవ గట్టు మీదకా?"

ఫొటోలకైతే పొలమే. మంచు, కొబ్బరిచెట్లు, వరసగా వంగి నాట్లేసే ఆడవాళ్లు, అన్నీ అక్కడే ఉంటాయి. కానీ కోనసీమలో సంక్రాంతంటే దాళ్వా, అంటే రెండో పంట వరి, నాట్ల రోజులు. అప్పుడే గట్లు చెక్కి కొత్త బురద మెత్తి ఉంటారు. పైకి ఎండినట్టే కనబడుతుంది. ఆమధ్య మా బావమరిది కొత్త బూట్లతో కాలేస్తే చీలమండ దాకా దిగింది. గట్టు అంచు విరిగి, మడిలో నీళ్లు కింది చేలోకి జారడం మొదలుపెట్టాయి. రైతు ఒక్క మాటా అనలేదు. వచ్చి, గుప్పెడు బురద తీసి గండి పూడ్చి, అరచేత్తో రెండుసార్లు తట్టి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది.

కాలవ గట్టుతో ఆ బాధ లేదు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొర హయాంలో ఈ కాలవలు సాగుకే కాదు, పడవలకీ దారి. గాలి లేనప్పుడు మనుషులు తాడు భుజానేసుకుని గట్టు మీద నడుస్తూ పడవని లాగేవారు. అలా నడిచి నడిచి గట్టిపడిన నేల అది. ఎక్కడా ఎత్తుపల్లాలుండవు, మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ కూడా నడుస్తుంది. కాకపోతే చాలాచోట్ల ఒక గట్టు మీద తారు రోడ్డు వేసేశారు. మీరు అవతలి మట్టి గట్టు పట్టుకోండి. కాలవ నీళ్లని తలుపులతో ఆపి వదిలే లొల్ల లాకుల వైపు వెళ్తే కాసేపు కూర్చుని, నీళ్లు తలుపుల కిందనుంచి దూకడం చూడొచ్చు.

పుంతల, అంటే పొలాల మధ్య పాత బళ్ల దారుల, సంగతి అడక్కండి, సగం ముళ్లకంపలు, సగం సిమెంటు. ఏటిగట్టు మీద బళ్ల రద్దీ.

నా ఓటు కాలవ గట్టుకే, కానీ కాలవలో నీళ్లున్నన్నాళ్లే. మామూలుగా ఏప్రిల్‌లో కాలవ కట్టేసి, అంటే నీళ్లు ఆపేసి, జూన్‌లో వదులుతారు. ఆ మధ్యలో అడుగున మిగిలేది బురద, గుర్రపుడెక్క, ఊళ్లో చెత్త. ముక్కు మూసుకోవాల్సిందే. అదే సమయానికి దాళ్వా కోతలైపోయి చేలు ఎండి ఉంటాయి. అప్పుడు గట్లతో పనేముంది, కోత తర్వాత మిగిలిన కొయ్యకాళ్లు గుచ్చుకోకుండా చూసుకుంటూ చేలకి అడ్డంపడి నడవొచ్చు. ఎండెక్కకముందే, ఆరింటికల్లా బయల్దేరాలి. వేసవి సెలవలకి వచ్చేవాళ్లు ఎటు వెళ్లాలని కాదు, కాలవ కట్టేశారా అని అడగండి.