మేకుల రంధ్రాల వెంట లిమోజ్ దాకా

పారిస్‌లో క్లూనీ మ్యూజియంకి వెళ్లినవాళ్లంతా యూనికార్న్ బొమ్మల తెరల గదికే పరుగెత్తుతారు. మా ఆవిడ మాత్రం పుస్తకం అట్టంత ఉన్న రెండు రాగిరేకుల దగ్గర ఆగిపోయింది. "మా అమ్మమ్మ నెక్లెస్ వెనకాల ఉండే మీనాపనే కదండీ ఇది!" అంది. నిజమే, పద్ధతి అదే. రాగిని గుంటలుగా చెక్కి, రంగు గాజుపొడి నింపి, కొలిమిలో కరిగించి నున్నగా సానపడతారు. ఆ నీలం ఎనిమిది వందల ఏళ్లయినా వెలిసిపోలేదు.

ఒక రేకు మీద బాలయేసును చూడవచ్చిన ముగ్గురు జ్ఞానులు, రెండోదాని మీద శిష్యుడితో మాట్లాడుతున్న ఎతియెన్ ద మ్యూరే, అంటే గ్రాన్‌మోం సన్యాసుల మూలగురువు. 1190 ప్రాంతంలో గ్రాన్‌మోం మఠం బలిపీఠానికి చేసినవి. ఫ్రెంచి విప్లవం నాటికి మఠమూ పోయింది, పీఠమూ పోయింది. రేకుల అంచుల్లో మేకుల రంధ్రాలు మాత్రం ఉన్నాయి. వాటిని ఎలా బిగించారో ఎంత చూసినా ఊహకందలేదు.

మీనాపనికి పేరుపడ్డ లిమోజ్ ఆ మఠానికి దగ్గరి ఊరు. అందుకే అక్కడికి వెళ్లాం. ఆస్టర్లిట్జ్ స్టేషన్ నుంచి మూడున్నర గంటలు. 1929లో పట్టాల మీదుగా కట్టిన అక్కడి స్టేషన్‌ని తీరిగ్గా చూడండి. హోటల్ సంగతే చెప్పుకోకూడదు. లిఫ్ట్ చెడిపోయింది, గది మూడో అంతస్తులో, పెట్టెలు రెండు. "రేపు బాగవుతుంది" అన్నారు. మర్నాడు అడిగినా "రేపే". అక్కడి టిఫిన్‌కి డబ్బులు దండగ, ఎదురుగా ఉన్న బేకరీ నయం. శాకాహారులకి రొట్టె, చీజే దిక్కు. ఊళ్లో కసాయివాళ్ల పేరుతో ఓ వీధే ఉంది మరి!

పాత బిషప్ భవనంలోని మ్యూజియంలో మధ్యయుగం నుంచి నేటిదాకా మీనాపని ఉంది. పూట సరిపోదు.

అసలు జవాబు దొరికింది మాత్రం ఆంబజాక్ అనే చిన్న ఊరి చర్చిలో. లోకల్ రైల్లో వెళ్లాం. గ్రాన్‌మోం మఠానిదే అయిన, పుణ్యపురుషుల అస్థికలు దాచే పేటిక అక్కడ అద్దాల వెనక ఉంది. చిన్న ఇంటి ఆకారం, పైన వాలు కప్పు. లోపల చెక్క, దాని మీద మేకులతో బిగించిన రాగిరేకులు, రంగురాళ్లు. "ఓహో, ఇలాగా!" అన్నాం ఇద్దరం.

తిరుగు రైలు టైం ముందే చూసుకోండి. మేం చూసుకోక గంటన్నర ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాం.