డీ810 క్రాప్ మోడ్: సెకనుకి ఒక్క ఫ్రేమ్ ఎక్కువ కోసం ఇంత గోలా?

సెకండ్ హ్యాండ్‌లో నికాన్ డీ810 కొని ఏడాది దాటింది. 2014లో వచ్చిన బాడీ, 36 మెగాపిక్సెళ్లు, పెళ్లిళ్లకి ఇప్పటికీ ఢోకా లేదు. నాకు కూడు పెట్టేది పెళ్లిళ్లు, పిచ్చి మాత్రం పక్షులు. అమ్మినాయన "డీఎక్స్ క్రాప్ పెట్టండి సార్, సెకనుకి ఏడు ఫోటోలు కొడుతుంది" అన్నాడు. డీఎక్స్ క్రాప్ అంటే సెన్సర్ మధ్య భాగంతోనే ఫోటో తియ్యడం, సెన్సర్ మొత్తం వాడితే ఫుల్ ఫ్రేమ్. ఇంటికొచ్చి పెడితే ఆరే. మాన్యువల్ తిరగేస్తే అసలు సంగతి బయటపడింది: ఫుల్ ఫ్రేమ్‌లో 5, డీఎక్స్‌లో 6, ఆ ఏడోది కావాలంటే కింద ఎంబీ-డీ12 గ్రిప్ తగిలించి అందులో పెద్ద బ్యాటరీ గానీ ఎనిమిది పెన్సిల్ సెల్స్ గానీ వెయ్యాలి. గ్రిప్ మాట ఆయన ఎత్తనే లేదు!

జనవరిలో టెక్కలి దగ్గర పక్షులు చేరే తేలినీలాపురం వెళ్లాను, 200-500 మిల్లీమీటర్ల జూమ్ లెన్స్‌తో. గూడబాతు పిల్ల తల్లి గొంతు సంచిలోకి తల మొత్తం దూర్చి మేత లాక్కుంటుంది, తల బయటికి తీసే ఆ క్షణం కావాలి నాకు. ఐదుకీ ఆరుకీ తేడా అక్కడ నిజంగా తెలియలేదండీ. తెలిసింది ఇంకోటి. ఈ కెమెరా ఫోకస్ పాయింట్లు 51, ఫుల్ ఫ్రేమ్‌లో అన్నీ మధ్యలోనే గుంపుగా ఉంటాయి, డీఎక్స్ పెడితే అవే పాయింట్లు ఫ్రేమ్‌లో దాదాపు ఈ చివర నుంచి ఆ చివర దాకా వస్తాయి, దాంతో పుల్ల నోట కరుచుకుని పక్కనుంచి దిగే ఎర్రకాళ్ల కొంగని అంచు దగ్గరే పట్టేసింది. పైగా ఫైల్ చిన్నది కాబట్టి బఫర్ (ఫోటోలు కార్డుకి ఎక్కేలోపు ఆగే మెమరీ) అంత తొందరగా నిండదు. నా ఓటు వీటికే, స్పీడుకి కాదు.

500 లెన్స్ 750 అయిపోతుందని సంబరపడకండి. లెన్స్ ఏమీ సాగదు, సెన్సర్ మధ్య ముక్క మాత్రం తీసుకుంటుంది, మిగిలేది 15 మెగాపిక్సెళ్లు. అదే కోత ఇంటికొచ్చి కంప్యూటర్‌లో కోసుకోవచ్చు.

చాలామంది పట్టించుకోనిది 1.2 క్రాప్, అంటే డీఎక్స్ కన్నా తక్కువ కోసేది. అందులోనూ ఆరే వస్తాయి, చేతిలో 25 మెగాపిక్సెళ్లు ఉంటాయి. గ్రిప్ లేకుండా స్పీడ్ కోసమే డీఎక్స్‌కి వెళ్లడం దండగ.

నా తెలివి కూడా చెప్పుకోవాలి. తేలినీలాపురం నుంచి వచ్చిన మర్నాడు నరసన్నపేటలో పెళ్లి. డీఎక్స్ తియ్యడం మర్చిపోయాను. గ్రూప్ ఫోటోకి జనం పట్టడం లేదని వెనక్కి, ఇంకా వెనక్కి జరిగి షామియానా తాడు వీపుకి తగిలే దాకా వెళ్లాను, అప్పటికీ వ్యూఫైండర్‌లో క్రాప్ హద్దు చూపే గీత నా కంట పడలేదు. పెళ్లికూతురి మేనమామ సగం చెయ్యి పోయింది. రా ఫైల్ (సెన్సర్ ఇచ్చే ముడి ఫైల్) అయినా సరే, కోసేసిన భాగం తిరిగి రాదు. ఇప్పుడు ముందున్న ఎఫ్‌ఎన్ బటన్‌కి ఇమేజ్ ఏరియా (ఏ క్రాప్ కావాలో ఎంచుకునే సెట్టింగ్) పెట్టుకున్నాను, బటన్ నొక్కి చక్రం తిప్పితే మారిపోతుంది.

విజయనగరం సిరిమాను ఉత్సవానికైతే క్రాప్ జోలికే పోలేదు. మూడు లాంతర్ల కూడలి దగ్గర అంత పొడుగు మాను, కొసన పూజారి, కింద జనసముద్రం, ఇవన్నీ ఒక ఫ్రేమ్‌లో పట్టాలంటే సెన్సర్ మొత్తం కావాల్సిందే. విసిరిన అరటిపళ్లు గాల్లో ఉండగా సెకనుకి ఐదుతోనే దొరికాయి.

అన్ని కెమెరాలూ ఇంతే అనుకోవద్దు. డీ850లో గ్రిప్ లేకుండా ఫుల్ ఫ్రేమ్ పెట్టినా క్రాప్ పెట్టినా 7 దగ్గరే ఆగుతుంది. జెడ్8 కథ వేరు, జేపెగ్‌లో 30 కొట్టేది డీఎక్స్‌లో 60 కొడుతుంది, అది నిజంగా లాభం. కొనేముందు ఆ మోడల్ మాన్యువల్‌లో స్పీడ్ పట్టిక చూడండి, కౌంటర్ దగ్గర మాట వినకండి.

బాడీకి నా మార్కులు పదికి ఎనిమిది, క్రాప్ స్పీడుకి నాలుగు. కొత్త గ్రిప్‌కి డబ్బు పోసే ఉద్దేశం లేదు గానీ, పలాస, టెక్కలి వైపు ఎవరింట్లోనైనా ఎంబీ-డీ12 ఊరికే పడి ఉంటే మాత్రం చెప్పండి.