నెలకోసారి ప్రింట్ తీసే ఇంటికి ఏ ప్రింటర్?

ఇంటికి ప్రింటర్ కొనాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది "పేజీకి ఎంత పడుతుంది?" అని. నన్నడిగితే ఇంకో ప్రశ్నతో మొదలుపెట్టమంటాను: మీ ఇంట్లో ఒకసారి ప్రింట్ తీశాక మళ్లీ తీసేదాకా ఎన్నాళ్లు గడుస్తుంది? నేను ఏళ్ల తరబడి కార్ట్రిడ్జ్ ఇంక్‌జెట్ (చిన్న ఇంకు డబ్బాలతో, తడి ఇంకును కాగితం మీద చిమ్మే ప్రింటర్) వాడాను. తర్వాత నలుపు-తెలుపు లేజర్‌కి మారి, దాన్నీ ఏళ్లుగా వాడుతున్నాను. ఇంట్లో ప్రింటర్ ఖర్చు ఎంతవుతుందో తేల్చేది ఆ ఖాళీ రోజులే అని రెండూ వాడాక గట్టిగా నమ్ముతున్నాను.

మా ఇంట్లో ప్రింటింగ్ ఎప్పుడూ ఒక్క తీరుగా ఉండదు. పిల్లల ప్రాజెక్టులున్న వారం కట్టలకు కట్టలు పోతాయి. ఆ తర్వాత నెలా, రెండు నెలలు దాని జోలికే ఎవరూ పోరు. ఇంక్‌జెట్‌కి ఈ పద్ధతి అస్సలు పడదు. దాని ప్రింట్ హెడ్‌లో, అంటే ఇంకు చిమ్మే భాగంలో, వెంట్రుక కంటే సన్నటి రంధ్రాలుంటాయి, ఇంకులో ఎక్కువ భాగం నీళ్లే. వాడకుండా వదిలేస్తే ఆ రంధ్రాల అంచుల దగ్గరే ఇంకు ఎండిపోయి గడ్డకడుతుంది. అర్జంటుగా ఫారం కావాల్సిన రోజున ప్రింట్ కొడితే అక్షరాలకు అడ్డంగా తెల్ల చారలు వస్తాయి. రంధ్రాలు మూసుకుపోయాయేమో చూపించే నాజిల్ చెక్ పేజీ తీస్తే, మెట్లు మెట్లుగా రావాల్సిన గీతలు అక్కడక్కడా తెగిపోయి కనిపిస్తాయి. ప్రింటర్‌లోనే ఉండే హెడ్ క్లీనింగ్ కొడతాం, కాస్త నయమవుతుంది. మళ్లీ కొడతాం, నలుపు బాగుపడుతుంది, ఈసారి నీలం పోతుంది. బయటికి వెళ్లాల్సిన టైమ్ దగ్గరపడుతుంటే ఆ టెన్షన్ పడ్డవాళ్లకే తెలుస్తుంది.

ఆ క్లీనింగ్ కూడా ఊరికే జరగదు. హెడ్‌లోంచి ఇంకును బలంగా లాగి బయటికి వదిలేయడమే క్లీనింగ్ అంటే. అలా వదిలిన ఇంకు ప్రింటర్ అడుగున ఉండే మెత్తటి ప్యాడ్‌లోకో, చిన్న డబ్బాలోకో చేరుతుంది. అది నిండిందని లెక్క తేలగానే, మార్చేదాకా ప్రింట్ చేయకుండా మొండికేసే మోడళ్లు ఉన్నాయి. అంటే అప్పుడప్పుడు మాత్రమే ప్రింట్ తీసే ఇంట్లో, డబ్బు పోసి కొన్న ఇంకులో పెద్ద వాటా కాగితం మొహమే చూడదు. కార్ట్రిడ్జ్ మీద "ఇన్ని పేజీలు వస్తాయి" అని వేసే అంకె ఐఎస్ఓ అనే అంతర్జాతీయ సంస్థ ప్రమాణాల ప్రకారం తీసినది. ఇంక్‌జెట్‌కి 24711, నలుపు లేజర్‌కి 19752 అనే ప్రమాణాలున్నాయి. ఆ పరీక్షల్లో ప్రింటర్ వరసపెట్టి పేజీలు కొడుతూ పోతుంది. నెలకు నాలుగు పేజీలు తీసే ఇంట్లో ఇంక్‌జెట్ ఆ అంకె దరిదాపులకు కూడా రాదు.

మూడు రంగులూ ఒకే కార్ట్రిడ్జ్‌లో ఉంటే ఇంకో నష్టం. పసుపు ఒక్కటి అయిపోయినా మిగతా రెంటినీ కలిపి పారేయాల్సిందే. రంగు అయిపోయిందని నలుపు పేజీ కూడా ఇవ్వని ప్రింటర్లున్నాయి. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

లేజర్‌లో ఎండిపోవడానికి అసలు తడే లేదు. టోనర్ అంటే ప్లాస్టిక్ కలిసిన సన్నటి పొడి. లేజర్ కాంతి డ్రమ్ అనే గుండ్రటి రోలర్ మీద అక్షరాల రూపంలో విద్యుదావేశాన్ని మారుస్తుంది, ఆ చోటే పొడి అంటుకుంటుంది, అక్కణ్ణుంచి కాగితం మీదికి దిగుతుంది. చివర్లో ఫ్యూజర్ అనే వేడి రోలర్ సుమారు 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆ పొడిని కరిగించి కాగితంలోకి అదుముతుంది. అందుకే పేజీ వెచ్చగా చేతికొస్తుంది. తడి చేత్తో పట్టుకున్నా అక్షరం చెదరదు. రెండు నెలలు ముట్టుకోకుండా ఉంచి ఆన్ చేసినా మొదటి పేజీయే నల్లగా, నిక్కచ్చిగా వస్తుంది. నా వరకు లేజర్‌కి పెట్టిన డబ్బంతా ఈ ఒక్క గుణం కోసమే పెట్టినట్టు.

"టోనర్ తక్కువగా ఉంది" అనే మెసేజ్ చూసి వెంటనే కొత్తది కొనకండి. కార్ట్రిడ్జ్ బయటికి తీసి, రెండు చేతులతో అడ్డంగా పట్టుకుని మెల్లగా అటూ ఇటూ ఊపి మళ్లీ పెట్టండి. ఒక పక్కకు చేరిన పొడి సర్దుకుంటుంది. మెసేజ్ తర్వాత కూడా నాకు చాలా పేజీలు వస్తుంటాయి. అక్షరాలు నిజంగా వెలిసిపోయినప్పుడే మారుస్తాను.

కొనేముందు యంత్రం ధర కన్నా టోనర్ ధర, దానికి వచ్చే పేజీల సంఖ్య చూడండి. ఒకదాన్ని రెండోదానితో భాగిస్తే పేజీ ఖర్చు తేలిపోతుంది. ప్రింటర్‌తో పాటు వచ్చే టోనర్ చాలాసార్లు నిండుది కాదు, స్టార్టర్ మాత్రమే. కొన్ని మోడళ్లలో డ్రమ్ టోనర్‌తో కలిసే ఉంటుంది, కొన్నింట్లో విడిగా ఉంటుంది. విడిగా ఉంటే టోనర్ చవకే, కానీ కొన్ని టోనర్ల తర్వాత డ్రమ్ ఖర్చు కూడా వస్తుంది. రెండు వైపులా తనంతట తానే ప్రింట్ చేసే సౌకర్యం ఉన్నది దొరికితే వదలకండి.

లేజర్‌కి ఇబ్బందులు లేవని కాదు. వేడెక్కేటప్పుడు కరెంటు ఒక్కసారిగా గుంజుతుంది. ఆ క్షణంలో గదిలో లైట్లు ఒకసారి మిణుకుమనొచ్చు. కంప్యూటర్‌కి పెట్టుకునే చిన్న యూపీఎస్‌కి దీన్ని తగిలించకూడదు, నేరుగా గోడ ప్లగ్గుకే పెట్టాలి. చెమ్మగిల్లిన కాగితం పెడితే వంకర తిరుగుతుంది, ఇరుక్కుంటుంది. కాబట్టి కాగితం కట్టను కవర్‌లోనే ఉంచి కావాల్సినన్ని తీసుకుంటాను. ఇంక్‌జెట్ కోసం చేసిన నిగనిగలాడే ఫోటో పేపర్ పొరపాటున కూడా లేజర్‌లో పెట్టకండి, పైపూత కరిగి ఫ్యూజర్‌కి అతుక్కుంటుంది.

ఫోటోల విషయంలో మాత్రం ఇంక్‌జెట్‌దే పైచేయి, అందులో వాదనే లేదు. రంగుల లేజర్ చార్టులకు, పటాలకు బాగుంటుంది. మనిషి ముఖం, ఆకాశం లాంటి సన్నటి ఛాయల దగ్గర తేలిపోతుంది. పైగా నాలుగు టోనర్లు కొనాలి, యంత్రమూ బరువే. మాకు ఫోటోలు కావాలంటే స్టూడియోలో వేయించుకుంటాం.

ఇంకు ట్యాంకు ప్రింటర్ల సంగతి చాలామంది అడుగుతారు. ఎప్సన్ 2010లో ఇండోనేషియాలో ఇలాంటివి మొదలుపెట్టింది, ఆ తర్వాత మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. సీసాతో ఇంకు నింపుకుంటాం కాబట్టి పేజీ ఖర్చు చాలా తక్కువ. ప్రతి వారం రంగుల్లో ప్రింట్లు తీసే ఇంటికి నేను కూడా లేజర్ వద్దని, ఇదే కొనమంటాను. కానీ ట్యాంకు ఎంత పెద్దదైనా హెడ్‌లో రంధ్రాలు అవే, ఎండే గుణమూ అదే.

ఇప్పటికే ఇంక్‌జెట్ గానీ ట్యాంకు ప్రింటర్ గానీ ఉన్నవాళ్లు వారానికోసారి అన్ని రంగులూ ఉన్న చిన్న పేజీ ఒకటి తీస్తూ ఉండండి. ఆపేటప్పుడు గోడ స్విచ్ కట్టేయకుండా ప్రింటర్ మీదున్న బటన్ నొక్కండి. అప్పుడే హెడ్ పక్కకు జరిగి తన మూత మీద కూర్చుంటుంది, రంధ్రాలకు గాలి తగలదు.