డబ్లిన్ రెండ్రోజులు: జైలుకి ముందే బుక్ చేసుకోండి, టవర్ ఫ్రీ

లండన్లో చెల్లెలి ఇంటికి పోయినప్పుడు అక్కణ్ణుంచి వీకెండ్‌కి డబ్లిన్ పోయినాం. నాకు ఐరిష్ రచయిత జేమ్స్ జాయిస్ పిచ్చి, మా ఆయనకి జైళ్ళూ కోటలూ.

రూమ్ సంగతి ముందు చెప్పేస్తా. సిటీ మధ్యలో చీప్ అని ఒక హాస్టల్ తీసుకుంటే తెల్లారేదాకా కింద పబ్బు గోల, వేన్నీళ్ళు రావు. రెండో రాత్రి సాండీకోవ్ వైపు మారినాం, డార్ట్ ట్రైన్ దగ్గర, సముద్రం గాలి, హాయిగా నిద్రపట్టింది.

కిల్మైన్‌హమ్ జైలుకి టికెట్ ఆన్‌లైన్లో ముందే తీసుకోండి, గైడ్‌తోనే లోపలికి. బ్రిటిష్ పాలన మీద 1916లో లేచిన ఈస్టర్ తిరుగుబాటు నాయకుల్లో 14 మందిని ఇక్కడే కాల్చేసినారు. స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకాలు పెట్టింది ఏడుగురైతే అందులో పియర్స్, మెక్‌డొనా, ప్లంకెట్ కవులు, ప్లంకెట్‌కైతే కాల్చడానికి కొన్ని గంటల ముందు ఈ జైలు చాపెల్‌లోనే గ్రేస్ గిఫర్డ్‌తో పెళ్ళి. గైడ్ ఆ మాట చెప్తాంటే మా ఆయన ఫోన్ జేబులో పెట్టేసినాడు, అది ఎప్పుడో గానీ జరగదు.

జీపీవో ముందర పియర్స్ ప్రకటన చదివినాడు, ఇప్పటికీ పోస్టాఫీసే, స్టాంపులు కొని బయటపడొచ్చు. ఆ రోడ్డు చివర ఓకానెల్ విగ్రహం కింద ఉండే దేవతల బొమ్మలకి తూటా రంధ్రాలు ఉన్నాయి, అవి మాత్రం వదలొద్దు.

నాకు నచ్చింది సాండీకోవ్ టవర్. నెపోలియన్ భయంతో కట్టింది, 1904లో జాయిస్ ఆరు రాత్రులు ఉన్నాడు, నడిపేది వాలంటీర్లు. తిరుగుబాటప్పుడు జాయిస్ జ్యూరిక్‌లో ఉన్నాడని ఆయనకి దేశం పట్టలేదంటారు, నేను ఒప్పుకోను. పియర్స్ దగ్గరే ఐరిష్ నేర్చుకోడానికి పోయి, పియర్స్ ఇంగ్లిష్‌ని చులకన చేస్తాన్నాడని మానేసినాడు, అంతే. 1922లో జాయిస్ నవల యులిసిస్ వచ్చింది, ఆ ఏడే ఐర్లండ్ సొంత రాజ్యం, ఫ్రీ స్టేట్ కూడా. ఆ నవల్లో పబ్బులో కూచున్న దేశభక్తుడొకడు నీది ఏ దేశం అని యూదుడైన హీరో బ్లూమ్‌ని నిలదీస్తాడు, ఐర్లండే, ఇక్కడే పుట్టినా అంటాడు బ్లూమ్, చివరికి వాడు బిస్కట్ డబ్బా విసురుతాడు. దేశం పట్టనోడు రాసే సీనా అది?

వానకి మోలీ అనే ఐరిష్ సాహిత్య మ్యూజియంలో దూరినాం. జాయిస్ చదివిన కాలేజీ బిల్డింగే, యులిసిస్ మొదటి నంబర్ కాపీ ఉంది, గంటన్నర చాలు.

ఇంకోటి, టవర్‌కి పోకముందు అదే 1904లో జాయిస్ కొద్ది రోజులు తలదాచుకున్నది జేమ్స్ కజిన్స్ అనే ఐరిష్ కవి ఇంట్లో. ఆ కజిన్సే తర్వాత మా మదనపల్లె బీటీ కాలేజీకి ప్రిన్సిపాల్. టవర్‌లో వాలంటీర్ పెద్దాయనకి చెప్తే మదనపల్లె స్పెల్లింగ్ రెండుసార్లు అడిగి రాసుకున్నాడు.