సంతకం పెట్టిన కరెన్లు, పెట్టని కచిన్లు

మయన్మార్‌లో (మన పెద్దలు ‘రంగం’ అనే రంగూన్ ఉన్న దేశమే) ఫెడరలిజం కోరే సాయుధ పార్టీలది ఎప్పుడూ ఒకటే సందిగ్ధం: సైన్యంతో కాల్పుల విరమణకు ఒప్పుకోవాలా, వద్దా? 2015 అక్టోబర్ 15న కరెన్ జాతి పార్టీ అయిన కరెన్ నేషనల్ యూనియన్‌తో సహా 8 సంస్థలు సంతకం పెట్టాయి. కచిన్ జాతి పార్టీ అయిన కచిన్ ఇండిపెండెన్స్ ఆర్గనైజేషన్ పెట్టలేదు.

చేతికొచ్చింది:
కరెన్లకు: నిషేధిత సంఘాల జాబితాలోంచి పేరు పోయింది, ఒప్పందంలో ఫెడరలిజం అనే మాట పడింది.
కచిన్లకు: ఏమీ లేదు. యుద్ధం ఆగలేదు, దాదాపు లక్షమంది శిబిరాల పాలయ్యారు.

మరి మొండితనమా? కాదు. కచిన్లు 1994లోనే ఒకసారి కాల్పుల విరమణకు ఒప్పుకున్నారు. ఆ విరమణ నీడలోనే కచిన్ ప్రాంతంలోని ఫకాంత్ జేడ్ (విలువైన పచ్చరాయి) గనులు సైన్యం గుప్పిట్లోకి వెళ్లాయి. 2009లో ‘మా కింద సరిహద్దు కాపలా దళంగా మారండి’ అంది సైన్యం. కాదంటే 2011 జూన్‌లో మళ్లీ కాల్పులు. ఒకసారి చేయి కాలినవాడికి కొత్త కాగితం చూపిస్తే ఏమంటాడు?

రిస్క్: సంతకం పెట్టినవాళ్లకూ పెట్టనివాళ్లకూ ఇక్కడ తేడా చెరిగిపోయింది. 2021 ఫిబ్రవరిలో సైన్యం అధికారం లాక్కుంది. మార్చి 27 రాత్రి కరెన్ గ్రామాలపై విమానాలు బాంబులు వేశాయి. జనం సాల్వీన్ నది దాటి థాయ్‌లాండ్ వైపు పరుగెత్తారు.

1995లో మానర్‌ప్లా స్థావరం పోగొట్టుకున్న కరెన్ల లాంటి అలసిన పార్టీకి సంతకం ఊపిరి తీసుకునే వ్యవధి ఇస్తుంది. కచిన్ల లాగా సొంత ఆదాయం, వెనక చైనా సరిహద్దు ఉన్నవాళ్లకు సంతకం పెట్టకుండా ఆగడమే నయం.