విశాఖ పూర్ణా మార్కెట్ వెనక పాత పుస్తకాల కొట్టు: శనివారం మాత్రం వెళ్లకండి

ముందే చెప్తున్నా, శనివారం వెళ్లకండి. శుక్రవారం కూడా నాలుగింటికల్లా షట్టర్ దించేస్తారు. మళ్లీ తీసేది శనివారం చీకటి పడ్డాకే. బోర్డు లేదు. సందు మొదట్లో "గుంటూరు బాబాయి కొట్టు" అని అడిగితే చూపిస్తారు. పార్కింగ్ గురించి అడక్కండి, మార్కెట్ సంగతి తెలిసిందేగా.

నేను గాజువాకలో ట్యూషన్లు చెప్తాను. పదిహేనేళ్లుగా ఇక్కడే కొంటున్నా. ఇంటర్, డిగ్రీ, బ్యాంకు పరీక్షల పుస్తకాలు సగం ధరకి దొరుకుతాయి, పాడుచేయకుండా తెచ్చిస్తే మళ్లీ తీసుకుంటారు. తెలుగు నవలలు మాత్రం దండగ, సగం వాటికి చివరి పేజీలుండవు.

ఇప్పుడు కొట్టు చూసేది ఆయన అల్లుడు. బాబాయిగారు పోయి రెండేళ్లవుతోంది.

ఆయన యూదుడు, శనివారం వాళ్లకి పని చేయకూడని విశ్రాంతి దినం. నెత్తిన చిన్న టోపీ చూసి మొదట్లో ముస్లిం అనుకున్నాను. "ఏందమ్మా, ఏం కావాల?" అని అచ్చ గుంటూరు యాస. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదు కుటుంబాలున్నాయనీ, బెనె ఎఫ్రాయిమ్ అంటే బైబిల్లో యోసేపు కొడుకైన ఎఫ్రాయిము సంతానమని చెప్పుకుంటారనీ, ప్రార్థనకి వాళ్లకో సమాజమందిరం ఉందనీ ఆయన చెప్తేనే తెలిసింది.

కౌంటర్ మీద ఎప్పుడూ వాళ్ల ధర్మగ్రంథం తోరా, పక్కన సింగిల్ రూల్ నోటుబుక్కు. ఒక వరుసలో కుడి నుంచి ఎడమకి హీబ్రూ, దాని కింద తెలుగు అక్షరాల్లో ఉచ్చారణ, ఆ కింద అర్థం. నలభై దాటాక నేర్చుకున్నారట. కస్టమర్ వస్తే ఒక వేలు ఆ మాట మీదే ఉంచి, రెండో చేత్తో గైడు తీసిచ్చేవారు. లేవాల్సి వస్తే మాత్రం తోరా మూసే లేచేవారు, తెరిచి వదలకూడదట. తోరాని 54 భాగాలు చేసి వారం వారం చదువుతూ ఏడాదిలో ముగిస్తారు. ముగిసిన రోజే మళ్లీ మొదలు. "పోయినేడు చదివిందేగా బాబాయిగారూ" అన్నానొకసారి. "పోయినేడు చదివినోడికి కూతురి పెళ్లి కాలేదమ్మా. ఇప్పుడు లాబాను బాధ కూడా కాస్త అర్థమవుతంది" అన్నారు. లాబాను అంటే తోరా కథలో యాకోబుకి ఇద్దరు కూతుళ్లనీ అంటగట్టిన మామ.

చదివింది ఆయన పుస్తకంలోనే వదిలేసే రకం కాదు. ఓసారి ఊసుపోక "ఆ డిక్షనరీ ఎంత?" అన్నాను. కొంటావా అన్నారు. లేదన్నాను. "కొనే ఉద్దేశం లేకుండా ధర అడగకూడదని మా పెద్దల ధర్మసూత్రాల పుస్తకం మిష్నాలో ఉందమ్మా, అమ్మేవోడికి ఊరికే ఆశ పెట్టినట్టవుద్ది" అని నవ్వి, స్టూలు జరిపి కూర్చోమన్నారు.

ధరలు వెనక అట్ట లోపల పెన్సిల్‌తో రాసేవారు. ఒక కుర్రాడు ఫిజిక్స్ పుస్తకం పట్టుకుని జేబులో చిల్లర రెండుసార్లు లెక్కపెట్టుకోవడం నా కళ్లతో చూశాను. బాబాయిగారు పుస్తకం తీసుకుని, "ఆగు నాయనా, ధర పొరపాటున రాశా" అని రబ్బరుతో 120 చెరిపి, పొట్టు ఊదేసి, 80 రాసిచ్చారు. వాడికి అనుమానం కూడా రాలేదు.

నాకూ ఆయన మీద కోపం వచ్చిన రోజుంది. పరీక్షలకి రెండు రోజుల ముందు, శనివారం, మా అమ్మాయితో రెండు బస్సులు మారి వెళ్తే తాళం. మర్నాడు వెళ్లి గట్టిగానే అడిగాను. సంజాయిషీ ఏమీ చెప్పలేదు. నిన్నటి బస్సు చార్జీలు ఎంతయ్యాయో అడిగి, పుస్తకం ధరలోంచి తీసేశారు. శనివారం తెరవడం మాత్రం ఆయన లెక్కలోనే లేదు.

హుద్‌హుద్ తుఫాను వచ్చింది 2014 అక్టోబర్ 12న. వాళ్లకది పర్ణశాలల పండుగ వారం, ఆకుల పందిట్లో భోంచేయాలి. మేడ మీద కొబ్బరాకులతో వేసుకున్న పందిరి ఎటు కొట్టుకుపోయిందో తెలీదు. కొట్టు షట్టర్ వంగి, సగం సరుకు తడిసింది. నేను వెళ్లేసరికి తడి పేజీల మధ్య న్యూస్‌పేపర్లు పెడుతున్నారు. "హుద్‌హుద్ అంటే పిట్ట పేరమ్మా, మన కుకుడుగువ్వ. తోరాలో తినకూడని పక్షుల్లో ఉంది. మేం తినలేదు, అదే మమ్మల్ని తినేసింది" అన్నారు. పాడైన గైడ్లన్నీ పాతపేపర్లవాడికి తూకానికి పోయాయి. దేవుడి పేరున్నవి మాత్రం ఇవ్వలేదు. తమవి భూమిలో పూడ్చిపెడతారట. గీతలు, ఖురాన్లు, బైబిళ్లు దేనికది వేరే సంచిలో కట్టారు. గీతల సంచి నా చేతికిచ్చి, "ఏం చెయ్యాలో మీ పెద్దోళ్లనడుగమ్మా" అన్నారు. మా అత్తగారిని అడిగి సముద్రంలో కలిపాను.

అల్లుడు మంచివాడే. ఫోన్‌పే పెట్టాడు, అరలకి సబ్జెక్టుల పేర్లు అంటించాడు, వెతుకులాట తప్పింది. ధరలు ఇప్పుడు స్టిక్కర్ల మీద, బేరం లేదు. నేనైతే నాలుగు స్టార్లు ఇస్తాను. పాత స్టాకు మీద మాత్రం స్టిక్కర్ వేయలేదు, పెన్సిల్ ధరకే ఇస్తున్నాడు. మొన్న తెచ్చుకున్న హిందీ వ్యాకరణం వెనక 90 చెరిపి 50 రాసుంది. ఎవరి కోసం తగ్గించారో, వాళ్లు ఎందుకు తీసుకెళ్లలేదో.